డిగ్రీ కాలేజీల నిజంగా ఏం మార్చాలె? చదివినోళ్ళు, చదువుతున్నోళ్ళు చెప్పండి

చాక్‌పీస్_చేతులు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉంటేనే చదవండి.

నేను ఒక చిన్న టౌన్‌ల గవర్నమెంట్ డిగ్రీ కాలేజీల గెస్ట్ లెక్చరర్‌ని. కామర్స్ చెప్తా, ఆరేండ్లయింది. గంట లెక్కన పైసలు కాబట్టి ఎండాకాలం సెలవులు అంటే మాకు సెలవులు కావు, ఉత్త చేతులు. సరే అది వేరే కథ, ఎప్పుడన్న చెప్పుకుందాం.

విషయం ఏందంటే మా కాలేజీకి అటానమస్ వచ్చింది, అంటే సిలబస్‌ల, పరీక్షల కొంత మనమే మార్చుకోవచ్చు అన్నట్టు. మొన్న ప్రిన్సిపాల్ సార్ మీటింగ్ పెట్టి డిగ్రీ చదువును మొత్తం కొత్తగ ఆలోచించాలె, ఎవరన్న రెండు పేజీల నోట్ రాసియ్యండి అన్నడు. రెగ్యులర్ సార్లు అందరు నాదిక్కు చూసిన్రు. నాకేదో తెలివి ఎక్కువని కాదు, స్టాఫ్‌ల తెలుగు టైపింగ్ వచ్చేది నాకొక్కదానికే.

సరే అని కూసున్న. మొదటి పేజీ అరగంటల నిండింది. డేటా అనలిటిక్స్ పెట్టాలె, సాఫ్ట్ స్కిల్స్ పెట్టాలె, ఇండస్ట్రీతోని ఒప్పందాలు చేసుకోవాలె, ఇట్ల. రాసినాక నేనే చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. నా సెకండియర్ క్లాసుల 58 మంది పేర్లున్నయి, సోమవారం ఇరవై మంది వస్తరు, శనివారం ఆరేడుగురు. మిగిలినోళ్ళు ఎక్కడున్నరో నాకు తెలుసు కదా. ఒకడు మెడికల్ షాపుల, ఇద్దరు పెట్రోల్ బంకుల, ఒకామె బట్టల షాపుల, నలుగురు హైదరాబాద్‌ల అశోక్‌నగర్ రూముల గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు చదువుతున్నరు. వీళ్ళకు నేను డేటా అనలిటిక్స్ పెడితే ఏమైతది, రాని పిల్లలకు ఇంకొక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ పెరుగుతది, గంతే.

ఇప్పటిదాంక తక్కువ మార్చిన్రా చెప్పండి. 2016ల దోస్త్ వచ్చింది, అడ్మిషన్లు ఆన్‌లైన్ అయినయి, అది మంచిదే, దళారులు తగ్గిన్రు. అదే ఏడు సీబీసీఎస్ అని, అంటే సబ్జెక్టులు ఎంచుకొని క్రెడిట్లు కూడబెట్టుకునే పద్ధతి, దానితోని సెమిస్టర్లు వచ్చినయి. 2021 నుంచి బకెట్ సిస్టం, ఎవరికి నచ్చిన సబ్జెక్టులు వాళ్ళు కలుపుకోవచ్చు అన్నరు. కాగితం మీద మస్తుంది. మా దగ్గర బకెట్ల ఏముంటయంటే లెక్చరర్ ఉన్న సబ్జెక్టులు, ఇంకా లెక్చరర్ రిటైరై ఆ పోస్టుల ఎవరూ రానియి. పిల్ల వచ్చి సైకాలజీ ఉందా మేడం అంటది, లేదమ్మా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఉంది తీసుకో అంటం.

అందుకే అడుగుతున్న. ఇంజనీరింగ్ వాళ్ళు కాదు, బీఏ బీకాం బీఎస్సీ చదివినోళ్ళు, ఇప్పుడు చదువుతున్నోళ్ళు చెప్పండి. ఏది ఉంటే మీ మూడేండ్లు వేరే తీరు ఉండేవి? సిలబస్సే కావాలని లేదు, ఏదైనా సరే. శుక్రవారం నోట్ ఇయ్యాలె.

పల్లెవెలుగు_లాస్ట్‌సీటు:

మేడం నేను బీఎస్సీ లైఫ్ సైన్సెస్ సెకండియర్. వేరే జిల్లా, వేరే కాలేజీ. మీరు అడిగిన్రు కాబట్టి చెప్తున్న, మా కాలేజీల ఎవరూ అడగలే ఇప్పటిదాంక.

ఫస్ట్ బాత్రూం రాయండి. నేను జోక్ చేస్తలేను. మా దగ్గర అమ్మాయిలకు ఉన్న బాత్రూంకు తాళం ఉంటది, తాళం ఆఫీసుల ఉంటది, ఆఫీసుల సార్లు ఉంటరు, పోయి అడగాలంటే సిగ్గు. అందుకే మేము పొద్దున ఇంట్ల నీళ్ళు తాగం, సాయంత్రం ఇంటికి పోయినంక తాగుతం. ఎండాకాలం కూడ అంతే. మా క్లాసుల ఒకమ్మాయికి రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది, వాళ్ళమ్మ ఇగ చాలు తియ్యి చదువు అన్నది. సిలబస్ బాగలేక ఆమె మానలే మేడం.

రెండోది బస్సు. మా ఊరు టౌన్‌కు 32 కిలోమీటర్లు. 7:40కి ఒక పల్లెవెలుగు ఉంది, అది 9కి దింపుతది. దాని తర్వాత బస్సు 10:30కి దింపుతది. ల్యాబ్ 9:30కి. అంటే 7:40 బస్సు తప్పితే ల్యాబ్ పోయినట్టే, ల్యాబ్ పోతే రికార్డు సంతకం పోయినట్టే. మధ్యాహ్నం 1 కల్లా క్లాసులు అయిపోతయి, వాపసు బస్సు 4:15కి. మూడు గంటలు ఎక్కడుండాలె? లైబ్రరీ ఉంది కానీ అక్కడ కూసొని చదవనియ్యరు, పుస్తకం తీస్కొని పొమ్మంటరు. చెట్టు కింద కూసుంటం. బస్టాండుల కూసుంటే ఇంట్ల వాళ్ళకు ఎవరన్న చెప్తరు, మీ బిడ్డ బస్టాండుల తిరుగుతున్నది అని.

ఒక మంచి మాట కూడ చెప్తా. 2023 డిసెంబర్‌ల ఆడవాళ్ళకు ఫ్రీ బస్సు వచ్చినంకనే మా నాయిన నన్ను టౌన్ కాలేజీల చేర్చనిచ్చిండు. లేకపోతే మండలంల ఉన్న ప్రైవేటు దాంట్లనే, అక్కడ బీఎస్సీ లేదు. జీరో టికెట్ చూస్తే కొందరు నవ్వుతరు గని నా డిగ్రీ ఆ టికెట్ మీదనే నడుస్తున్నది.

కాగితంపులి:

కొత్త విద్యా విధానంలో మల్టిపుల్ ఎగ్జిట్ అని పెట్టారు కదా, ఏడాదికి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా, మూడేళ్ళకి డిగ్రీ, నాలుగేళ్ళకి ఆనర్స్ అని. మా వైపు ఆడపిల్లలకి ఈ స్కీము ఎప్పట్నించో ఉంది, సంబంధం కుదిరితే ఎగ్జిట్, సర్టిఫికెట్ బదులు శుభలేఖ ఇస్తారు.

చెట్టుకింద_మాస్టారు:

అమ్మా, నేను గుంటూరు వైపు డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఏళ్ళు హిస్టరీ చెప్పి రిటైరయ్యాను. పై అమ్మాయి రాసింది చదివాక నేను రాద్దామనుకున్నది కాస్త మార్చుకోవాల్సి వచ్చింది.

మామూలుగా మా వయసు వాళ్ళు ఇలాంటిచోట మా రోజుల్లో అని మొదలుపెడతారు. నేనూ పెడతాను, కానీ సగం నిజం దాచకుండా పెడతాను. మా రోజుల్లో ఏడాదికొకసారి పరీక్ష, జూన్ నుంచి డిసెంబర్ దాకా పిల్లవాడికి ఊపిరాడేది. నాటకాలు వేసేవాళ్ళం, గోడపత్రిక రాసేవాళ్ళం, ఎన్ఎస్ఎస్ క్యాంపుకి ఊళ్ళకి వెళ్ళి రోడ్డుకి మట్టి పోసేవాళ్ళం, కాలేజీ మ్యాగజైన్‌లో అచ్చయిన కవిత చూసుకుని వారం రోజులు నిద్రపట్టని కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు సెమిస్టర్ అంటే మొదటి ఇంటర్నల్, రెండో ఇంటర్నల్, ప్రాక్టికల్స్, ఎక్స్‌టర్నల్, మళ్ళీ మొదలు, దాని మధ్యలో నాటకం వెయ్యమంటే ఎప్పుడు వేస్తారు పాపం. ఇది ఒక సగం. రెండో సగం ఏమిటంటే ఆ నాటకాల్లో ఆడవేషం కూడా మగపిల్లలే వేసేవాళ్ళు, ఎందుకంటే మా క్లాసులో 70 మందికి ఆడపిల్లలు ముగ్గురు. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఉండేవి, అవి పోయాయని నేనూ బాధపడతాను, కానీ ఎన్నికల వారంలో హాకీ కర్రలతో తలలు పగిలిన సంగతి కూడా నాకు గుర్తే. కాబట్టి పాతకాలాన్ని తిరిగి తెమ్మని నేననను.

నేను చెప్పదలుచుకుంది ఒకటే. నా సర్వీసులో సిలబస్ ఆరేడుసార్లు మారింది, ఒక్కసారి కూడా తరగతిలో ఉన్నవాణ్ణి అడిగి మార్చలేదు. మన దగ్గరే కాదు, ఢిల్లీ యూనివర్సిటీ సంగతి చూడండి. 2013లో నాలుగేళ్ళ డిగ్రీ పెట్టారు, అందరికీ తప్పనిసరిగా 11 ఫౌండేషన్ కోర్సులు అన్నారు, టీచర్లు పిల్లలు గోలపెట్టారు, 2014లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ చెప్పిందని ఎత్తేశారు. మళ్ళీ 2022లో నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది. మధ్యలో ఆ ఒక్క బ్యాచ్ పిల్లల సంగతి ఆలోచించండి, నాలుగేళ్ళకని చేరి మూడేళ్ళకి బయటపడ్డారు.

ఇంకోటి మీడియం. మా ఆంధ్రలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లవాడు నా దగ్గర హిస్టరీ ఇంగ్లీషులో రాయాలి. బట్టీ కొట్టడం తప్ప ఏం చేస్తాడు? తమాషా ఏంటంటే అదే పిల్లవాడు డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్ళి తెలుగు అకాడమి పుస్తకాలు కొనుక్కుని అదే హిస్టరీ మళ్ళీ మొదట్నించీ, అప్పుడు అర్థం చేసుకుని చదువుతాడు. మనం మూడేళ్ళు చెప్పింది వాడు ఆరు నెలల్లో సొంతంగా నేర్చుకుంటాడన్నమాట. సిగ్గుపడాల్సింది ఎవరు?

ఫ్రిస్కో_నుంచి:

నేను 2004లో బీఎస్సీ మ్యాథ్స్ ఫిజిక్స్ కంప్యూటర్స్ చేశాను, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాను. అప్పట్లో మాకు పెద్ద తలనొప్పి ఏంటంటే ఇక్కడి యూనివర్సిటీలు చాలావరకు పదహారేళ్ళ చదువు అడిగేవి, మన మూడేళ్ళ డిగ్రీతో పదిహేనే అవుతాయి, అందుకే ఎంసీఏ చేసి రావాల్సి వచ్చింది. ఆ లెక్కన నాలుగేళ్ళ డిగ్రీ మంచిదే అంటాను.

ఇక్కడ అండర్‌గ్రాడ్ పిల్లలు మొదటి ఏడాది ఏ మేజరో డిసైడ్ అవ్వకుండానే చేరొచ్చు. మావాడు మొన్న కాలేజీలో చేరాడు, జియాలజీ, సినిమా, కెమిస్ట్రీ మూడూ తీసుకున్నాడు, నాకు గుండె ఆగినంత పనైంది. కానీ వాడు పద్దెనిమిదేళ్ళకి రోడ్డు పక్కన రాయి చూసి ఆగుతున్నాడు, నేను ఆ వయసులో రాయి అంటే తన్నేవాణ్ణి. మన దగ్గర కూడా అలా ఎందుకు పెట్టకూడదు? ఇంకోటి ఆఫీస్ అవర్స్. ప్రొఫెసర్ వారానికి రెండు మూడు గంటలు తన రూములో తలుపు తెరిచి కూర్చుంటాడు, ఎవరైనా వెళ్ళి ఏదైనా అడగొచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు కదా.

చాక్‌పీస్_చేతులు:

@ఫ్రిస్కో_నుంచి సార్, ఐడియా మంచిగుంది. ఖర్చు లేదన్నరు గని చిన్న ఖర్చుంది. నాకు కాలేజీల కుర్చీ లేదు. స్టాఫ్ రూంల రెగ్యులర్ వాళ్ళ కుర్చీలున్నయి, ఎవరన్న సెలవుల ఉంటే ఆ రోజు ఆ కుర్చీ నాది. క్లాసుకు క్లాసుకు మధ్య గంటకు నాకు పైసలు కూడ రావు కాబట్టి నేను క్లాసు అయిపోంగనే ఇంకో ప్రైవేటు కాలేజీకి బండి మీద ఉరుకుతా. పిల్లలు డౌట్లు అడిగేది నా స్కూటీ దగ్గర. హెల్మెట్ పెట్టుకుంటనే డిప్రిసియేషన్ చెప్పిన రోజులున్నయి.

మూడు సబ్జెక్టుల సంగతి కూడ అంతే, జియాలజీ చెప్పేటాయన మా జిల్లాలనే లేడు.

@పల్లెవెలుగు_లాస్ట్‌సీటు అమ్మా, నీది చదివినంక ఇయ్యాల పోయి మా కాలేజీల చూసొచ్చిన. మా దగ్గర తాళం లేదు, తలుపే లేదు.

షట్టర్_డౌన్_9గంటలకు:

నమస్తే మేడం, బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్. మీరు చెప్పిన రాని పిల్లలల్ల నేనొకన్ని. మీ కాలేజీ కాదు గాని అసొంటిదే.

నేను ఒక హోల్‌సేల్ కిరాణంల లెక్కలు చూస్త, పొద్దున 10 నుంచి రాత్రి 9. నెలకు 11 వేలు. మా నాయినకు నడుం పోయింది, చెల్లె ఇంటర్. ఇది కథ చెప్పి జాలి కోసం కాదు, లెక్క కోసం చెప్తున్న. షాపుల నేను ఏం చేస్తనంటే బిల్లులు కొడ్త, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ల ఎంట్రీలు చేస్త, సరుకు బండికి ఈవే బిల్లు తీస్త, నెలకు 11వ తారీకు కల్లా జీఎస్టీఆర్ వన్ అనే జీఎస్టీ రిటర్న్ పోవాలె, 20 కల్లా త్రీబీ అనే ఇంకో రిటర్న్ పోవాలె, అది ఆడిటర్ సార్ ఆఫీసుకు పంపేది నేనే, ఐటీసీ, అంటే కొన్న సరుకు మీద ముందే కట్టిన పన్ను లెక్క, మ్యాచ్ కాకపోతే సప్లయర్‌కు ఫోన్ చేసి తిట్టేది కూడ నేనే. ఇప్పుడు అసలు జోక్ వినండి. ట్యాక్సేషన్ పేపర్‌ల నాకు బ్యాక్‌లాగ్ ఉంది. ఎందుకంటే ప్రశ్న ఏమొచ్చిందంటే పరోక్ష పన్నుల లక్షణాలు వ్రాయండి, 15 మార్కులు. నాకు లక్షణాలు రావు మేడం, పన్ను కట్టుడు వస్తది.

ఇగ అటెండెన్స్. స్కాలర్‌షిప్ రావాలంటే 75 శాతం ఉండాలె. ఉండదు. తక్కువైతే కండోనేషన్ ఫీజు కట్టాలె, అంటే కాలేజీకి రానందుకు కాలేజీకి పైసలు కట్టాలె, ఆ పైసల కోసం ఇంకిన్ని రోజులు షాపుకు పోవాలె, అప్పుడు ఇంకింత తక్కువైతది. మా సీనియర్ ఒకాయన ప్రైవేటు కాలేజీల చదివిండు, డిగ్రీ అయిపోయి ఏడాదైంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ గవర్నమెంట్ నుంచి రాలే కాబట్టి నువ్వు కట్టి సర్టిఫికెట్లు తీస్కపో అన్నరంట. ఆయన పీజీ సీటు అట్లనే పోయింది. పాస్ అయి కూడ పాస్ కానట్టే.

నాకు కావాల్సింది కొత్త కోర్సు కాదు. షాపుల చేసే పనికి ఓ నాలుగు క్రెడిట్లు ఇయ్యండి. ఊకెనే వద్దు, మీరే వచ్చి షాపుల నిలబడి వైవా చెయ్యండి, నేను తీసిన రిటర్న్ చూపిస్త, తప్పులు పట్టుండి. లేకపోతే సాయంత్రం పూట క్లాసు పెట్టుండి. అంతే.

చెట్టుకింద_మాస్టారు:

@షట్టర్_డౌన్_9గంటలకు నాయనా, సాయంత్రం కాలేజీలు ఇదివరకు ఉండేవి. హైదరాబాదులో గుమస్తాలు, టైపిస్టులు ఆఫీసు అయ్యాక వెళ్ళి బీకాం, బీఏ చదివేవాళ్ళు. మా బావగారు అలాగే చదివి బ్యాంకులో ఆఫీసరు అయ్యారు. క్రమంగా దూరవిద్య వచ్చి వాటిని మింగేసింది. దూరవిద్యలో పుస్తకం ఇంటికొస్తుంది కానీ పక్కన కూర్చునే తోటివాడు రాడు కదా.

నీ ట్యాక్సేషన్ పేపరు దిద్దింది మావాడెవడో అయ్యుంటాడు. క్షమించు.

మెమో_మీద_యూనివర్సిటీ:

ఇక్కడ ఎవరూ అనని విషయం ఒకటి. యూనివర్సిటీ యూనివర్సిటీ అంటాం గానీ డిగ్రీ పిల్లలకి యూనివర్సిటీతో ఏం సంబంధం అసలు? నేను బీఏ చదివింది ఉస్మానియా కింద అఫిలియేటెడ్ కాలేజీలో, రెండంతస్తుల బిల్డింగు, కింద టిఫిన్ సెంటర్, పైన మేము. మూడేళ్ళూ యూనివర్సిటీ అంటే నాకు హాల్‌టికెట్ మీద ఎంబ్లెం, మెమో మీద సంతకం. ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ మొదటిసారి దగ్గరగా చూసింది ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు. 1939లో కట్టిన ఆ మెట్ల మీద కూర్చుని అమ్మ పెట్టిన పులిహోర తిన్నాను, ఇక్కడ చదివాను అని చెప్పుకోవచ్చా చెప్పుకోకూడదా అని ఆలోచిస్తూ.

మన పాత యూనివర్సిటీలన్నీ దాదాపు ఇంతే. క్యాంపస్, హాస్టళ్ళు, పెద్ద లైబ్రరీ, ప్రొఫెసర్లు పీజీ వాళ్ళకి. డిగ్రీ వాళ్ళు వందల కాలేజీల్లో చెల్లాచెదురు, వాళ్ళకి యూనివర్సిటీ అంటే పరీక్ష పెట్టే ఆఫీసు. 2022 నవంబర్‌లో నిజాం కాలేజీలో డిగ్రీ అమ్మాయిలు కొత్త హాస్టల్ మాకివ్వండి అని రోజుల తరబడి కూర్చున్నారు గుర్తుందా? కొత్త బిల్డింగ్ పీజీ వాళ్ళకి అన్నారు, వీళ్ళు గొడవ చేస్తే చివరికి డిగ్రీ వాళ్ళకి ఇచ్చారు. ఉన్న ఒక్క హాస్టల్ కోసం ధర్నా చేస్తే గానీ డిగ్రీ వాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట పడుకోవాలని ఎవరికీ తట్టలేదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంది, నా ఫ్రెండ్ అందులో చదివాడు. వాడికి నాకు సిలబస్‌లో పెద్ద తేడా లేదు, నేను పోల్చి చూశా. తేడా ఏంటంటే వాడు రాత్రి పదకొండుకి మెస్ బయట ఒక పీహెచ్‌డీ అన్నతో అంబేడ్కర్ గురించి కొట్లాడేవాడు. నేను రాత్రి పదకొండుకి ఆల్ ఇన్ వన్ గైడులో ఇంపార్టెంట్ ప్రశ్నలకి టిక్కులు పెట్టుకునేవాణ్ణి.

ఆనర్స్_అయోమయం:

నేను ఏపీలో డిగ్రీ అండి, 2020లో మార్చిన కొత్త సిలబస్ బ్యాచ్. మాకు పది నెలల ఇంటర్న్‌షిప్ కంపల్సరీ, మొదటేడు అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, రెండో ఏడు అయ్యాక ఇంకో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. అందరూ తిడతారు, నేను సగమే తిడతాను, ఎందుకో చెప్తా.

మొదటేడు ప్రాజెక్ట్ అంటే మా ఊళ్ళోనే ఇంటింటికీ తిరిగి సర్వే చెయ్యాలి. మా కెమిస్ట్రీ మేడం నీళ్ళ మీద చెయ్యండి అన్నారు. నలుగురం కలిసి 112 ఇళ్ళు తిరిగాం. బోరు నీళ్ళు తాగే ఇళ్ళెన్ని, క్యాన్ కొనే ఇళ్ళెన్ని, క్యాన్‌కి నెలకి ఎంతవుతుంది అన్నీ రాశాం. మేడం ఆవిడ సొంత బండి మీద రెండుసార్లు మా ఊరొచ్చారు, శాంపిళ్ళు పట్టించి ల్యాబ్‌లో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు), హార్డ్‌నెస్ (కాఠిన్యం) మాచేతే చూపించారు. మా వీధి బోరు కంటే గుడి దగ్గర బోరు నయమని తేలింది. మా అమ్మ ఇప్పటికీ ఆ బోరు నుంచే తెస్తుంది. ఇంటర్లో హార్డ్‌నెస్ డెఫినిషన్ కనీసం పదిసార్లు రాసుంటాను, బిందెలో నీళ్ళకి దానికి సంబంధం ఉందని అప్పుడే తెలిసింది. నా డిగ్రీ మొత్తంలో నేను చదువుకున్నది అదే అండి, ఒట్టు.

చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి వచ్చేసరికి మా టౌన్‌లో కంపెనీలు ఎక్కడున్నాయి? ఉన్నది ఒక రైస్ మిల్లు, రెండు ప్రైవేటు ఆసుపత్రులు, నాలుగు ఫైనాన్స్‌లు. క్లాసు మొత్తానికి ఎక్కడ సరిపోతాయి. ఎవరో ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ అని లింక్ పంపారు, డబ్బులు కట్టాం, నాలుగు వీడియోలు, ఒక సర్టిఫికెట్. ప్రాజెక్ట్ రిపోర్ట్ జిరాక్స్ షాపులో దొరుకుతుంది, పేరు మార్చి బైండింగ్ చేసిస్తాడు. నా రిపోర్టూ నా ఫ్రెండ్ రిపోర్టూ ఒకటే, వాడి దాంట్లో 34వ పేజీలో ముందటేడు వాడెవడిదో పేరు అలాగే ఉండిపోయింది, ఎవరూ చూడలేదు, ఇద్దరికీ మంచి గ్రేడే వచ్చింది.

రెండూ ఒకే స్కీము అండి. మొదటిదానికి మేడం బండేసుకుని వచ్చారు, రెండోదానికి ఎవరూ రాలేదు. మీ నోట్‌లో రాసేటప్పుడు మేడం పెట్రోలు ఎవరిస్తారు అనేది కూడా రాయండి. మా మేడం సొంత డబ్బులే పోసుకున్నారు.

కాగితంపులి:

34వ పేజీలో ఉన్నాయన ఎవరో గాని ఈపాటికి చాలా ప్రాజెక్టులు చేసుంటాడు, పీహెచ్‌డీ ఇవ్వాలి.

ఫ్రిస్కో_నుంచి:

చాక్‌పీస్ గారూ, కుర్చీ సంగతి చదివాక నేను రాసింది నాకే ఎలాగో అనిపించింది, సారీ. అయితే ఒక మాట అంటాను. షట్టర్ డౌన్ తమ్ముడు అడిగింది విడ్డూరం కాదు, ఇక్కడ కో-ఆప్ అని పనిచేసిన సెమిస్టర్‌కి క్రెడిట్ ఇచ్చే కాలేజీలు ఉన్నాయి. మన దగ్గర కూడా బీబీఏ రిటైలింగ్ లాంటి కోర్సుల్లో మూడు రోజులు క్లాసు మూడు రోజులు స్టోరులో పని అని నడుపుతున్నారు కదా. పెద్ద స్టోరులో చేస్తే అప్రెంటిస్, కిరాణాలో చేస్తే అటెండెన్స్ షార్టేజీనా?

చాక్‌పీస్_చేతులు:

అందరికీ థ్యాంక్స్. నోట్ ఇచ్చి వచ్చిన ఇయ్యాల. ఏమైందో చెప్తా.

పాత పేజీ చింపేసిన. కొత్తగ రాసిన దాంట్ల డేటా అనలిటిక్స్ లేదు. మొదటి పేరాల బాత్రూం. రెండోది, ల్యాబులు 10:45కు ముందు పెట్టొద్దు, పిల్లల ఊర్లు, బస్సు టైములు రాసుకొని ఆ లెక్కన టైంటేబుల్ వెయ్యాలె. మూడోది, లైబ్రరీల కూసొని చదవనియ్యాలె, సాయంత్రం బస్సు దాంక తెరిచి ఉంచాలె. నాలుగోది షట్టర్ డౌన్ తమ్ముడిది, పనిచేస్తున్న బీకాం పిల్లలకు వాళ్ళ పని మీదనే నాలుగు క్రెడిట్ల పేపర్, వైవా షాపుల. ఐదోది, షాపు దాంక, ఊరి దాంక పోయే లెక్చరర్‌కు పెట్రోలు. కుర్చీ సంగతి రాయలే, నా గురించి నేనే రాసుకున్నట్టు ఉంటదని.

ప్రిన్సిపాల్ సార్ మొత్తం చదివిండు, అది మాత్రం ఒప్పుకోవాలె. చదివి, అమ్మా ఇది అకడమిక్ నోట్ లెక్క లేదు, మెయింటెనెన్స్ కంప్లైంట్ లెక్క ఉంది అన్నడు. నేను ఏమనలే. తర్వాత ఆయననే అటెండర్‌ను పిలిచి ఆ తలుపుకు ఎంతైతదో కనుక్కో అన్నడు. క్రెడిట్ల సంగతి సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కమిటీల పెడ్తం, యూనివర్సిటీ నామినీ ఏమంటడో చూద్దాం అన్నడు, నాకైతే ఒప్పుకుంటరని పెద్ద నమ్మకం లేదు. పెట్రోలు దగ్గర నవ్విండు. టైంటేబుల్ మాత్రం ఒక సెమిస్టర్ చూద్దాం అన్నడు, ఫిజిక్స్ సార్ ఇప్పటికే నామీద గుస్సాగున్నడు, ఆయన ఒంటిగంటకు ఇంటికి పోవుడు కుదరదు కదా ఇగ.

బస్సు సంగతి మా చేతుల లేదు కాబట్టి డిపో మేనేజర్‌కు లెటర్ రాద్దాం అనుకుంటున్న, పొద్దున బస్సు 20 నిమిషాలు ముందుకు, వాపసుకు మధ్యాహ్నం 2 గంటలకు ఇంకో బస్సు అని. ఏ ఊరి నుంచి ఎంతమంది అని లిస్టు పెడితే వింటరంట, మా అటెండర్ చెప్పిండు, ఆయన తమ్ముడు కండక్టర్.

పల్లెవెలుగు_లాస్ట్‌సీటు:

మేడం ఆ లెటర్ ఇక్కడ పెట్టండి. మా బస్సుల కాలేజీకి వచ్చేటోళ్ళం 23 మందిమి ఉన్నం, నిన్న బస్సులనే లెక్కపెట్టిన. మా ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి నేనే తీస్కపోత. కాలేజీ పేరు, డిపో పేరు దగ్గర ఖాళీ వదిలిపెట్టండి చాలు, మిగతాది నేను నింపుకుంట.